నీలం చీటీ

మధ్యాహ్నం రెండున్నరకి, ఆఫీసు లిఫ్టులో, ఒక ప్రోగ్రామర్‌ని ఎవరో సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో కాల్చి చంపారు. ఆరో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి మనిషి గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. చొక్కా జేబులో ఒక కాగితం. దాని మీద మూడే మాటలు: "ఇరవైమూడులో ఒకటి. నాలుగింటికి."

మూడింటికి పది నిమిషాల ముందు ఆ కాగితం పెద్దాయన బల్ల మీద ఉంది. పెద్దాయన అంటే గూఢచారి విభాగం చీఫ్. ఆయన ఎదురుగా ఏజెంట్ గోరింక.

"కూర్చోకు. టైం లేదు. మేస్త్రీ గుర్తున్నాడా?"

"పట్టుకున్నది నేనే కదా సార్."

మేస్త్రీ విదేశీ ముఠాకి నాయకుడు. మనవాళ్లు పద్నాలుగు మంది సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్నారు. ఆ పద్నాలుగు అసలు పేర్లూ వాడికి నోటికి వచ్చు. అందుకే మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా జైల్లో ఉంచారు.

"వాడి నిర్బంధం పొడిగించాలా వద్దా అని ఇవాళ నాలుగింటికి విచారణ. పొడిగించమని మనం వేసిన కౌంటర్‌లో ఇరవైమూడు పాత తీర్పులు చూపించారు. లాయర్లు తీర్పులు వెతికే ఏఐ సాఫ్ట్‌వేర్ ఉందే, అవి ఏరింది అదే; చచ్చినవాడు ఆ కంపెనీ మనిషి. మేస్త్రీ బయటికొస్తే మన పద్నాలుగు మందికీ తెల్లారినట్టే."

"మన తరఫు లాయరు ఎవరు సార్?"

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీ అక్క. ఫోన్ చేద్దామంటే కోర్టులో ఫోన్లు బంద్. ముందు నెమలిని కలుసుకో."

నెమలి ఏఐ నియంత్రణ కార్యాలయంలో ఆడిట్ ఆఫీసరు. ఆమె నడిచి వస్తుంటే కాఫీ షాపులో కప్పులు గాల్లోనే ఆగిపోయేవి. ఒక చేత్తో ముఠాకి, రెండో చేత్తో మనకి పనిచేసేది. ఏ చేయి కుడిదో విభాగానికి ఇప్పటిదాకా తేలలేదు.

"ఈ కుర్చీ ఖాళీయేనా?" అన్నాడు గోరింక, ఆ షాపులో ఆమె బల్ల దగ్గర ఆగి. అది కోడ్.

"కూర్చునేవాళ్లని బట్టి." ఇదీ కోడే. ఆమె గొంతు తగ్గించింది. "సాఫ్ట్‌వేర్‌లో ఒక దొంగ తీర్పు ఎక్కించారు. పేరుంది, సంవత్సరముంది, పేజీ నంబరుంది. అలాంటి తీర్పే లేదు."

"మనకి వ్యతిరేకంగానా?"

"మనకి బ్రహ్మాండంగా అనుకూలంగా. అదే ఎర. కొత్త ఏఐ నిబంధనల్లో పదకొండోది చదివారా?"

"అవెవరు చదువుతారండీ?"

"వాళ్లు చదివారు. ఏఐ ఇచ్చిన తీర్పుల్లో ఒక్కటి అబద్ధమని తేలినా కౌంటర్ మొత్తం కొట్టేయాలి. కౌంటర్ లేదంటే ఖైదీ విడుదల. కేసు పిలవకముందే లాయరు తనంతట తాను దాన్ని వెనక్కి తీసుకుంటే మిగతావి నిలుస్తాయి. కానీ 'ఇవన్నీ నేను స్వయంగా చదివాను' అని సంతకం చేసినందుకు ఆ లాయరు లైసెన్సు పోతుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏది దొంగది?"

"తెలిసినవాడు లిఫ్టులో పోయాడు. సాఫ్ట్‌వేర్‌నే అడిగితే అన్నీ అసలువే అంటుంది. లైబ్రరీలో పుస్తకాలు తీసి చూడాలంటే ఒక రోజు పడుతుంది."

"ఆ సాఫ్ట్‌వేర్ మంచిదని సర్టిఫికెట్ ఇచ్చింది మీరే కదా?"

"ఇవ్వకపోతే ముఠాకి నా మీద అనుమానం వస్తుంది. ఇవ్వమన్నది మీ పెద్దాయనే."

గోరింక లేచాడు. కప్పు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

కోర్టు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అతని ఒంటి మీద నల్లకోటు, గౌను, మెడలో తెల్ల బ్యాండు ఉన్నాయి. వేషం దివ్యంగా కుదిరింది. సెక్యూరిటీ ఆవిడ మాత్రం లేజర్ పెన్ను, జామర్ వాచీ, కెమెరా బొత్తాం ఒక్కొక్కటీ ప్లాస్టిక్ ట్రేలో వేయించి, చేతిలో టోకెన్ పెట్టింది. "పోయేటప్పుడు తీసుకోండి లాయరుగారూ" అంది. ఏళ్ల తరబడి పోగేసుకున్న సరంజామా మొత్తం ట్రేలోకి పోయింది.

కోర్టు హాలు బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్లో ట్యాబ్లెట్. పక్కన ఆమె గుమాస్తా, ఆయన చంకలో తాడు కట్టిన కాగితాల కట్ట. గోడ గడియారంలో మూడూ నలభై ఎనిమిది.

"ఒరేయ్! ఈ గౌనేంట్రా? ఇన్సూరెన్స్ మానేసి లా ఎప్పుడు చదివావ్?"

పన్నెండేళ్లుగా ఇంట్లో అందరికీ అతను ఇన్సూరెన్స్ ఏజెంటే. గోరింక ఆమె పక్కన కూలబడి, తన అసలు ఉద్యోగంతో మొదలుపెట్టి నిబంధన పదకొండు దాకా, మూడు నిమిషాల్లో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. అక్క మొహంలో నవ్వు పోయింది. తర్వాత రంగు పోయింది.

"నువ్వవి చదవలేదా అక్కా?"

"రోజుకి నలభై కౌంటర్లురా! ఒక్కోదానికి పన్నెండు నిమిషాలే ఇస్తుంది మా ఆఫీసు. పన్నెండు నిమిషాల్లో ఇరవైమూడు తీర్పులు చదవడానికి నేనేమైనా యంత్రాన్నా? ఉన్న యంత్రమే చదివేసిందని సంతకం పెట్టా. అందరూ అలాగే పెడుతున్నారు." ఆమె ట్యాబ్లెట్ పక్కన పెట్టింది. "ఇదివరకు ఇలా ఉండేది కాదు. గుమాస్తాగారు పుస్తకం తెచ్చి, చీటీ పెట్టి, ఇదిగోనమ్మా పేజీ అని చూపిస్తేగానీ పెన్ను ముట్టుకునేదాన్ని కాదు."

గుమాస్తా దగ్గాడు. "అమ్మా, తమరు కట్ట విప్పలేదాండీ?"

నిబంధనల ప్రకారం కాగితం ప్రతి కూడా ఒకటి ఉండాలి. దాన్ని ఎవరూ విప్పరు. సాఫ్ట్‌వేర్ వచ్చాక గుమాస్తాని ఆ కట్టల మీద ముద్రలు గుద్దే పనిలో పెట్టారు.

అక్క తాడు లాగింది. కాగితాల మధ్య నుంచి చీటీలు తొంగిచూస్తున్నాయి. పేజీ దొరికితే తెల్ల చీటీ, దొరకకపోతే నీలం చీటీ. ఇరవై ఏళ్ల కిందట అక్కే పెట్టిన పద్ధతి అది. ఇరవైరెండు తెల్లవి. పదిహేడో తీర్పు దగ్గర ఒక నీలం చీటీ.

"ఆ సంపుటం ఐదు వందల ఎనభైయో పేజీతో అయిపోయిందండీ. ఇక్కడేమో ఆరు వందల పన్నెండు అని రాశారు. రెండుసార్లు తిప్పి చూశానండీ."

"మిమ్మల్ని లైబ్రరీకి వెళ్లమన్నదెవరు?"

"ఎవరూ అనలేదండీ. ఉత్త ముద్రలు గుద్దుతూ కూర్చోమంటే చేతులు ఊరుకోవు కదండీ. సాయంత్రాలు వెళ్తున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నీలం చీటీ పెట్టాను కదమ్మా." ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇరవై ఏళ్లలో నోటితో ఎప్పుడు చెప్పానండీ?"

అక్క ఆ చీటీని వేలితో నిమురుతూ కూర్చుంది. మూడూ యాభై ఐదు.

"ఆ పద్నాలుగు మందిలో పిల్లలున్నవాళ్లు ఉన్నారా?"

"ఉన్నారు. అక్కా, ఆగు, ఇంకో దారి చూద్దాం."

"ఏదీ, చూపించు."

గోరింక వెతికాడు. అంతస్తుల మీంచి దూకే దారులు, తాళాలు తీసే దారులు, మనుషుల్ని మాయం చేసే దారులు అతనికి వంద తెలుసు. ఈ బెంచీ మీంచి అక్కని తప్పించే దారి ఒక్కటీ తట్టలేదు. అంత చేతకానివాడిగా అతను ఎన్నడూ లేడు.

"ఇది విదేశీ ముఠా పని, మా అక్క తప్పు కాదు అని జడ్జిగారితో నువ్వు చెప్పలేవా?"

"చెప్పలేను. ఫైలు రహస్యం."

"ఏజెంటుగా వద్దు. తమ్ముడిగా చెప్పు."

"తమ్ముడికి ఇవేవీ తెలియవక్కా. తమ్ముడు ఇన్సూరెన్స్."

అక్క ఏడ్చింది. ఎక్కువసేపు కాదు, ఒక్క నిమిషం. బ్యాండు కొసతో కళ్లు తుడుచుకుని లేచింది. "ఇరవైరెండేళ్ల ప్రాక్టీసురా," అంది. గుమాస్తా తలుపు తీసి పట్టుకున్నాడు.

హాల్లో మేస్త్రీ ఇద్దరు పోలీసుల మధ్య ఇస్త్రీ చొక్కాతో హాయిగా కూర్చున్నాడు. వాడి లాయరు చేతిలో ఒకే ఒక్క కాగితం. బెంచ్ క్లర్కు కేసు నంబరు పిలవడానికి నోరు తెరిచాడు.

"ఒక్క మనవి!" అక్క గొంతు హాలంతా మోగింది. "మా కౌంటర్‌లో పదిహేడో తీర్పు వెనక్కి తీసుకుంటున్నాను. అలాంటి తీర్పు లేదు. నేను చదవకుండానే చదివానని సంతకం చేశాను."

మేస్త్రీ లాయరు తన చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. అరగంట వాదనలయ్యాక నిర్బంధం ఇంకో మూడు నెలలు పొడిగించారు. పద్నాలుగు మంది తమ కోసం ఏం జరిగిందో తెలియకుండానే ఆ రోజు గడిపేశారు.

జడ్జి అక్క వైపు చూశారు. "నిజం చెప్పావమ్మా. కానీ నిబంధన పదకొండు కింద ఈ విషయం ఏఐ నియంత్రణ కార్యాలయానికి పంపక తప్పదు. నా చేతుల్లో ఏమీ లేదు." ఆయన ముఖం చూస్తే ఆ మాట నిజమేననిపించింది.

పదహారు రోజులకి ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు రద్దు. సమర్థనగా ఎనిమిది పాత తీర్పులు. కింద 'ఇవన్నీ నేను స్వయంగా చదివాను' అని నెమలి సంతకం. గోరింక వెళ్లేసరికి అక్క తన ఆఫీసు గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. గుమాస్తా అప్పుడే లైబ్రరీ నుంచి వచ్చాడు. ఉత్తర్వు బల్ల మీద పెట్టాడు. అందులో ఐదు తెల్ల చీటీలు, మూడు నీలం చీటీలు.

గోరింక ఎగిరి గంతేశాడు. "అక్కా! నిబంధన పదకొండు! ఒక్కటి అబద్ధమైనా మొత్తం చెల్లదు. ఇక్కడ మూడున్నాయి!"

"అది లాయర్లకేరా. నియంత్రణ ఆఫీసుకి వర్తించదు."

"అప్పీలు చేద్దాం."

"అప్పీలు ఆ ఆఫీసుకే వెళ్తుంది. ముందుగా చదివేది కూడా ఆ సాఫ్ట్‌వేరే."

"మరి ఇప్పుడేం చేయాలి?"

అక్క మూడు నీలం చీటీలూ జాగ్రత్తగా తీసి, నలగకుండా గుమాస్తా చేతిలో పెట్టి, పెట్టెకి టేపు అంటించింది.

"నువ్వు ఇన్సూరెన్స్ కదరా. ఇలాంటివాటికి ఏదైనా పాలసీ ఉందేమో చూసి చెప్పు."