కడిగిన ఇల్లు

ఫెన్విక్ దొరను లేపడానికి రోజూ పదకొండు నిమిషాలు పడుతుంది. ముందు ఆయన దినచర్య పుస్తకాలు యంత్రంలోకి ఎక్కాలి, తర్వాత పై అధికారులకు రాసిన నివేదికలు, చివరగా చెల్లెలికి రాసిన ఉత్తరాలు. ఉత్తరాలు ఎక్కకముందే పలకరిస్తే కసురుకుంటాడు. ఎప్పుడో పోయిన మనిషి రాతల్లోంచి యంత్రం లేపే ఛాయ అది; మంగతాయారు పందొమ్మిదేళ్లుగా దానికి లేఖరి. ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ దగ్గుతాడో ఆమెకు కంఠతా వచ్చు.

గాజుపలకలో ముందు మీసం తేలింది, తర్వాత మొహం.

"ఏ కేసు, లేఖరీ?"

"ఉప్పుటేరు హత్యలు. పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిది. మీరు పట్టుకున్నదే."

"పైడయ్య," అన్నాడు దొర వెంటనే. "పడవ సరంగు. ఉరిశిక్ష అమలైంది."

"అయింది. ఆయన వంశస్థులు పునర్విచారణ కోరారు."

కాకినాడ నిర్ధారణశాల మూడో అంతస్తులో నడుస్తోంది. కింది రెండూ సముద్రానివి. మెట్టకు పడవలు వారానికి రెండే, ఎక్కాల్సినవాళ్లు లక్షల్లో. అందుకని కొండమీది పురాలవాళ్లు ఒక నియమం పెట్టారు: పది తరాల చిట్టాలో హత్య ఉన్న కుటుంబం చివరి జాబితాలోకి పోవాలి. మచ్చలేని పది తరాలు ఎవరింట్లో ఉన్నాయో ఆ పెట్టినవాళ్లకే తెలియాలి! చివరి జాబితాలో పేరు పడ్డవాళ్లెవరూ పడవ ఎక్కగా ఇంతవరకు మంగతాయారు చూడలేదు.

పాత కేసులో అనుమానం ఉందని అర్జీ పెట్టుకుంటే, ఆనాటి దర్యాప్తు అధికారి ఛాయే మళ్లీ విచారించి తేలుస్తుంది. ఛాయ కావాలంటే మనిషి బతికుండగా బాగా రాసి ఉండాలి. ఫెన్విక్ దొర నలభై సంపుటాలు రాశాడు. పైడయ్య నుంచి మిగిలింది వాంగ్మూలం అడుగున ఒక నిశానీ గీత. అందుకని ఆయన తరఫున మాట్లాడేవాళ్లు లేరు.

దొర కేసు మొదటినుంచి చెప్పుకొచ్చాడు. రెండు నెలల్లో ముగ్గురు ఆడవాళ్లు ఉప్పుటేరు గట్టున గొంతు తెగి చచ్చిపడ్డారు. అదే ఏడు లండన్లో ఎవడో ఆడవాళ్లను కోసి చంపుతున్నాడని పత్రికలు హోరెత్తుతుంటే, ఇక్కడి అధికారులకు నిద్ర లేదు. మూడో శవం దొరికిన ఉదయమే దొర గట్టు పక్కనే ఉన్న పైడయ్య ఇంటికి వెళ్లాడు.

"ఇల్లంతా అప్పుడే కడిగి అలికి ఉంది," అన్నాడు దొర. "కుండలన్నీ పగలగొట్టి గోతిలో పారేశారు. పెరట్లో మంచం నులక సగం కాలి ఉంది, దాని మీద రక్తపు మరకలు. భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో అతనూ, వితంతువైన చెల్లెలూ తప్ప ఇంకెవరూ లేరు. ఎందుకు కడిగావని పదహారు సార్లు అడిగాను. నోరు విప్పలేదు."

"ఇప్పుడేమంటారు?"

"రక్తం తుడిచినవాడే రక్తం చిందించినవాడు. నేరం రుజువైంది."

నాలుగువందల పదమూడో నిర్ధారణ. దాని కింద లేఖరి సమ్మతి పడితే సాయంత్రానికి హాలు గోడ మీద కారణాలతో సహా వెలుగుతుంది. సమ్మతికి ముందు అర్జీదారుకు చదివి వినిపించాలి. మంగతాయారు గంట నొక్కింది.

వచ్చినావిడ పేరు నూకరత్నం. అరవై దాటి ఉంటాయి. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

"ఒక్కరే వచ్చారేంటమ్మా?"

"మా అమ్మాయి రాలేదండి. ఎనిమిదో నెల. మా వీధిలో నీళ్లు నడుం దాకా వచ్చేసినియ్యండి, మేడ మీద కూసోబెట్టొచ్చాను. ఈ వారం పడవ దొరికితే మెట్ట మీదే పురుడు పోయొచ్చని నా ఆశండి. ఆయ్."

మంగతాయారు నిర్ధారణ చదవసాగింది. కడిగిన ఇల్లు అన్న మాట దగ్గర నూకరత్నం తల దించుకుంది. కుండల దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నులక మాట వినగానే కళ్లు గట్టిగా మూసుకుంది. పందొమ్మిదేళ్లలో ఈ గదిలో ఏడ్చినవాళ్లనూ తిట్టినవాళ్లనూ మంగతాయారు చాలామందిని చూసింది. ఇలా సిగ్గుపడ్డ మనిషిని చూడలేదు.

ఆమె చదవడం ఆపింది. ఇల్లు కడగడం, పాత కుండలు పారేయడం, మంచం నులక తగలెయ్యడం. ఇవి మూడూ కలిసి తను ఎక్కడ చూసింది? తమ్ముడు పుట్టిన పదకొండో రోజున. అమ్మమ్మ తెల్లారకుండానే ఇంటిల్లిపాదినీ లేపి, పాత కుండ ఒక్కటి కూడా గడప లోపల ఉండటానికి వీల్లేదని అరుస్తోంది.

"పురుడా?" అంది మంగతాయారు.

నూకరత్నం కళ్లు తెరిచింది.

"భార్య పుట్టింట్లో ఉందిగా. ఇంకెవరికమ్మా ఆ ఇంట్లో పురుడు?" అడిగిన మరుక్షణమే జవాబు ఆమెకు తట్టింది. ఇంట్లో ఇంకొక్కతే ఆడమనిషి.

"ఆ దొరకి ఇనపడుద్దాండీ?" అంది నూకరత్నం పలక వైపు చూసి.

మంగతాయారు పలక మీద గుడ్డ కప్పి, చెవిమీట తిప్పేసింది.

"ఆ చెల్లెలికి పదిహేడేళ్లండి. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోయాడు. తర్వాత... సరే, ఏదో అయింది. అన్నగారు కొట్టలేదు, తిట్టలేదు. పెళ్లానికి కడుపని ఊరందరికీ చెప్పి పుట్టింటికి పంపేశాడు. ఇక్కడ బిడ్డ పుట్టగానే రాత్రికి రాత్రి పడవ మీద అక్కడికి చేర్చాడు. పదకొండో నాడు పురిటి మైల కడుక్కున్నారు. కర్మ కాకపోతే, అదే తెల్లారి గట్టున శవం పడుంటదాండీ!"

"ఆ బిడ్డ?"

"మా వంశం అక్కణ్ణించేనండి."

"ఇదంతా మీకెలా తెలుసు?"

"మా ఇళ్లల్లో ఆడపిల్లకి మొదటి పురుట్లో తల్లి చెప్తదండి. మగాళ్లకి చెప్పం. ఆ కుండలే ఆయన్ని పట్టించాయని, అప్పట్నుంచి పురిటి కుండ పగలగొట్టం కూడా. బోర్లించి పెరట్లో పాతేస్తాం."

మంగతాయారుకు ఒళ్లు మండింది. "ఏంటమ్మా మీరు! ఇంత సాక్ష్యం కడుపులో పెట్టుకుని అర్జీలో ఒక్క ముక్క రాయలేదా? ఇప్పుడే రాస్తాను. సాయంత్రానికి మీ పేరు మొదటి జాబితాలో ఉంటుంది."

"రాయకండి."

"ఏం?"

"రాస్తే గోడ మీద పెడతారు గదండీ. అర్జీ పెట్టేటప్పుడు, ఆ దొరే తన తప్పు తెలుసుకుంటాడేమో అనుకున్నాను. ఆ మాట బయటికి రాకూడదనే అన్నగారు ఉరికంబం ఎక్కాడండి. పదహారు సార్లు అడిగితే పదహారు సార్లూ నోరు మూసుకున్నాడు. నా పడవ కోసం ఆ చెల్లెల్ని నేను బజారుకీడుస్తానా? మా అమ్మాయిని అడిగాను. అదీ వద్దంది." అని నూకరత్నం భోరుమంది. "నాకు పడవ కావాలండి. కావాలి. కానీ ఇలా కాదు."

మంగతాయారు ఆవిణ్ణి హాల్లో కూర్చోబెట్టి వచ్చింది. గుడ్డ తీసి, మీట తిప్పి దొరను అడిగింది.

"ఇల్లు కడగడానికి ఇంకే కారణమైనా ఉండొచ్చా దొరా?"

"నా దినచర్యలో ఇంకో కారణం లేదు."

"ఈ దేశంలో ఇరవై ఆరేళ్లున్నారు. ఎవరింట్లోనైనా పురుడు చూశారా, మైల చూశారా?"

"ఆ ఇళ్లలోకి నన్ను రానిచ్చేవారు కాదు, లేఖరీ. లోపలికి వెళ్లింది సోదా చేయడానికే." దగ్గాడు. "నేను రాయనిది నన్నడిగితే ఎలా?"

ఆ మాటలో కోపం లేదు. ఆయన తప్పు ఆయనకు ఎన్నటికీ తెలియదు, తెలిసే వీలు లేదు. మరి తన సంగతి? తనకు మైల తెలుసు, పురుడు తెలుసు. మంగతాయారు పాత నిర్ధారణలన్నీ తెరిచి, కడిగిన ఇంటిని రుజువుగా చూపినవి వెతికింది. పదకొండు తేలాయి. చావు మైల ఎన్నో, పురుడు ఎన్నో, నిజంగా నెత్తురు ఎన్నో ఇప్పుడెవరు చెప్పగలరు? ఒక్కటీ అడగలేదు తను. దొర చెప్పాడు, తను సమ్మతించింది. మూడో పేరు దగ్గర ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆ కుటుంబం ఉన్న వీధి కిందటేడే మునిగింది.

ఆమె పర్యవేక్షకుడు భానోజీని పిలిచింది. మంచివాడే, ఎవరి కన్నీళ్లకూ ఎదురు చెప్పలేడు. చెల్లెలి సంగతి దాచి మిగతాదంతా ఆమె చెబితే విన్నాడు.

"సాక్ష్యం ఉంటే వెయ్యండి మంగతాయారు గారూ. ఈ ఒక్క కేసూ దిద్దేద్దాం."

"సాక్ష్యం చెప్పడానికి వాళ్లు ఒప్పుకోరు."

"మరింకేముందండీ చెయ్యడానికి?"

"పద్ధతి మీద అసమ్మతి వేస్తాను."

భానోజీ కుర్చీలో వెనక్కి పడ్డాడు. "మీకేమన్నా పిచ్చా? పద్ధతి మీద వేస్తే ఛాయను దించేస్తారు. ఆయన తేల్చిన నాలుగొందల పైచిలుకు కేసులూ మళ్లీ లేస్తాయి. వాటిల్లో నిర్దోషులని తేలి పడవ కోసం రేవులో నిలబడ్డవాళ్లు లేరా? వాళ్లూ ఆగిపోతారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఉంటుందండి."

"తెలుసు."

"పైగా ప్రతి దాని కిందా ఉన్నది మీ సమ్మతే. మిమ్మల్నే ముందు బోనెక్కిస్తారు."

"ఎక్కించనివ్వండి. ఆయనకు తెలియక చెప్పాడు. నేను తెలిసీ అడగలేదు."

భానోజీ కుర్చీలోంచి లేచాడు. ఆపలేదు, సరేననీ అనలేదు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

అసమ్మతి పత్రంలో గళ్లు నాలుగే. కేసు సంఖ్య వేసింది. ఛాయ పేరు వేసింది. కారణం దగ్గర, "ఈ ఛాయకు మన ఇళ్లు తెలియవు" అని రాసింది. బాధ్యులు అన్నచోట రెండు పేర్లలో ఒకటి ఎంచుకోమంది యంత్రం: ఛాయ, దస్తావేజు. మంగతాయారు రెండూ కొట్టేసి తన పూర్తి పేరు రాసింది. అలాంటి జవాబు ఎన్నడూ ఎరగని యంత్రం రెండుసార్లు తిప్పి అడిగింది. రెండుసార్లూ అదే రాసింది.

"లేఖరీ, నాకు..." అన్నాడు దొర. పలక నల్లబడింది.

ఆమె హాల్లోకి వచ్చేసరికి గోడ మీద పేర్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మొదటి జాబితాలోవీ, చివరి జాబితాలోవీ. మూటలతో, పిల్లలతో బెంచీల మీద ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో ఒకాయన తన పేరున్న చోటు చేత్తో తడుముతున్నాడు. "ఏమైందండీ? ఏమైంది?" అని అరుపులు మొదలయ్యాయి.

నూకరత్నం జనాన్ని తోసుకుని ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆ మాట రాశారాండీ?"

"లేదమ్మా. రాయలేదు."

నూకరత్నం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ చేతులు దించకుండానే అడిగింది.

"అయితే మాకు పడవ దొరుకుద్దాండీ?"

"తెలీదమ్మా," అంది మంగతాయారు. "ఇవాళ ఎవరికీ దొరకదు."