హానిలేని వరుసలో ఆరో సీసా

"గూడబాతులు వచ్చాయాండీ?"

"వచ్చాయమ్మా. గుడ్లే ఇంకా పెట్టలేదు."

కోడ్ కుదిరింది. కొల్లేటి గట్టు మీద నిలబడ్డ చీఫ్ సుందరరావు బైనాక్యులర్స్ దించకుండానే ఏజెంట్ పెర్సిస్‌కి పని అప్పజెప్పాడు.

"తాడేపల్లిగూడెం ల్యాబ్‌లో కొత్త టెస్ట్ తయారైంది. ఏ రసాయనం కడుపులో బిడ్డకి చేటో, ఎలుకల్ని చంపకుండా చేపగుడ్లతోనే తేల్చేస్తుంది. దాన్ని నమ్మాలంటే ముందు దానికే పరీక్ష పెట్టాలి. చేటని రుజువైన రసాయనాలు కొన్ని, హాని లేదని రుజువైనవి కొన్ని ఎంచి, పేర్లు దాచి, నంబర్లేసి రకరకాల ల్యాబ్‌లకి పంపుతారు. ఓ విదేశీ ముఠా చేపల చెరువుల్లో చల్లే తమ మందుని హానిలేని వరుసలో దూర్చాలని చూస్తోంది. దూరిందా, ఇక ప్రపంచమంతా అది మంచి మందే. రేపే సీసాల పెట్టెకి సీలింగ్, లక్క సీలు వేసేస్తారు."

"లోపల వాళ్ల మనిషెవరండీ?"

"సైంటిస్టు నవాజ్ అట. అదే ల్యాబ్‌లో ఉంటూ, ముఠాతో కలిసినట్టు నటిస్తూ మనకి పనిచేస్తున్న డాక్టర్ గీతాంజలి చెప్పింది."

పెర్సిస్‌కి ఇది సొంత గొడవ కూడా. ఆ మందుని ట్రయల్ పేరుతో చల్లిన చెరువులోనే ఆమె చెల్లెలు హెప్సిబా కూలికి దిగేది. రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. చెరువు పని మానితే పూట గడవదు.

మర్నాడు ల్యాబ్ క్యాంటీన్‌లో పెర్సిస్ కాస్తా హన్నమ్మ అయిపోయింది. నేత చీర, చేతిలో ట్రే, జడపిన్నులో కెమెరా. నవాజ్ వాలకం చూస్తే అనుమానం రాకపోతేనే వింత. సీసాల పెట్టె తెరుస్తాడు, మూస్తాడు, చెమట తుడుచుకుని మళ్లీ తెరుస్తాడు. గీతాంజలి మాత్రం పట్టుచీరలో, సెంటు ఘుమఘుమలతో, అందరినీ నవ్వుతూ పలకరిస్తోంది. అంత నవ్వు పెర్సిస్‌కి ఎందుకో నచ్చలేదు. ఆమె ఉద్యోగంలో ఎవరైనా నచ్చడం తక్కువే అనుకోండి.

"బొప్పాయి ముక్కలు తీసుకోండి మేడమ్."

"అయ్యో, వద్దమ్మా." గీతాంజలి ఆ ప్లేటుని దూరంగా నెట్టేసి, పక్కనున్న జామకాయ ముక్కలు లాగించింది.

పెర్సిస్ చూపు ఒక్క క్షణం ఆమె కుచ్చిళ్ల మీద ఆగింది. మూడో నెల దాటేదాకా ఈ సంగతి ఎవరూ బయటపెట్టరు.

సీలింగ్ మొదలైంది. చేటు చేసేవాటిని నవాజ్ గ్లవ్స్ తొడుక్కుని పేర్చాడు. హానిలేనివని సంతకం పెట్టి పేర్చడం గీతాంజలి వంతు. పెన్సిలిన్, శాకరిన్, ఒక్కొక్కటే చకచకా పెట్టేసింది. ఆరో సీసా దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"నవాజ్ గారూ, ఇది మీరు పెట్టరూ?" అంటూ గోడ దాకా వెనక్కి జరిగింది.

నవాజ్ పెట్టేశాడు. మూత పడింది. కరిగిన లక్క పెట్టె మీదికి జారబోతోంది.

"ఆగండి!" పెర్సిస్ ట్రే పడేసి, మూత ఎత్తి, ఆరో సీసా లాక్కుంది. "హాని లేదని సంతకం పెట్టింది మీరే కదండీ డాక్టరుగారూ? మరి ముట్టుకోడానికి భయమెందుకండీ?"

గీతాంజలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బుల్లి పిస్టల్ బయటికొచ్చింది. "దాన్ని అక్కడ పెట్టు."

పెర్సిస్ వేళ్లు సీసా మూత మీదికి వెళ్లాయి. అంతే, గీతాంజలి రెండు చేతులూ కడుపుకి అడ్డం పడ్డాయి. పిస్టల్ నేలమీద పడింది. నవాజ్ దాన్ని బల్ల కిందికి తన్నేశాడు.

"సీసాలకీ కాగితాలకీ పొంతన కుదరకే పెట్టె తెరిచి తెరిచి చూస్తున్నానండీ," అన్నాడు రొప్పుతూ.

"మూత తియ్యనులెండి," అంది పెర్సిస్ గీతాంజలితో. పట్టుకున్నానన్న సంతోషం ఒకపక్క, ఆ చేతుల్ని చూసిన జాలి ఒకపక్క. "మీకు తెలుసు కాబట్టి చేతులడ్డం పెట్టుకున్నారు. మా చెల్లికి ఎవరూ చెప్పలేదండీ."

గీతాంజలి లాప్‌టాప్‌లో ముఠా దాచిన అసలు ప్రయోగ ఫలితాలన్నీ దొరికాయి. సాయంత్రానికల్లా చెరువుల్లో ఆ మందు ఆపించారు. చేటని ఇంత గట్టి రుజువులున్న రసాయనం తమకెప్పుడూ చిక్కలేదని కమిటీవాళ్లు మురిసిపోయారు. ముఠా కోరుకున్నట్టే వాళ్ల మందుకి పెట్టెలో చోటు దక్కింది. కాకపోతే, గ్లవ్స్ తొడుక్కుని పేర్చే వరుసలో.