ముందు నడిచే గడియారం

ఆ ఇంట్లో తెల్లవారడమంటే టైలరమ్మ గొంతు లేవడమే. "లేవండి, టైమైపోయింది!" అన్న కేకకి గిన్నెలు కూడా ఉలిక్కిపడేవి. వీధంతా ఆవిణ్ణి టైలరమ్మ అనేది. కట్టుకున్నవాడు మాత్రం ఆవిడ వినకుండా ఎక్స్‌ప్రెస్ అనేవాడు. బడిపిల్లల యూనిఫారాలు ఇంట్లోనే కుడుతుంది. గడప దాటే పని పెద్దగా లేకపోయినా కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతుంది.

హాల్లోని గోడ గడియారం మాట ఆవిడకు వేదవాక్కు. నిద్ర లేవడం, పొయ్యి వెలిగించడం, మిషన్ ముందు కూర్చోవడం అన్నీ దాన్ని చూసే. దాన్ని ఐదు నిమిషాలు ముందు పెట్టిందని ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దున్నే ఫోన్లు పట్టుకుంటే పనులు సాగవని, బయల్దేరేదాకా వాటిని సొరుగులో పెట్టించేది. పెళ్లికి ముందు బట్టల ఫ్యాక్టరీలో పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తే ముఖం మీదే గేటు మూసి, ఉద్యోగం తీసేశారు. పాతికేళ్లు గడిచినా ఆ గేటు చప్పుడు ఆవిడ చెవుల్లోంచి పోలేదు, పాపం.

ఇంట్లో భోజనాల బల్ల ఉంది. దాని కాలొకటి పొట్టి కావడంతో అటూ ఇటూ ఊగుతుంది. ఊగితే ఏం? దాని మీద కాలర్లు, గుండీల డబ్బాలే తప్ప కంచాలు పెట్టి ఎన్నాళ్లయిందో. అందరూ నిలబడే నాలుగు ముద్దలు మింగి వెళ్లిపోతారు.

ఆ రోజు కూతురు రొట్టె ముక్క చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయింది. నర్సింగ్ చదువుతున్న ఇరవై ఏళ్ల పిల్ల. ఇంట్లో అందరికీ పిట్ట.

"అమ్మా, వచ్చే వారం నుంచి హాస్టల్లో ఉంటాను. ఫారం తెచ్చుకున్నాను."

"కాలేజీకి బస్సులో ఇరవై నిమిషాలేగా. దానికి హాస్టలెందుకే?"

"ఇక్కడ ఊపిరాడట్లేదు. క్లాసులో సెకండొస్తే ఫస్టెవరన్నావు. ఫస్టొస్తే వచ్చే ఏడు సంగతేంటన్నావు. ఎంత దూరం పరిగెత్తాలమ్మా నేను? ఆ గీత ఎక్కడుందో చూపించు, తాకి వచ్చేస్తాను."

టైలరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "నేను పరిగెత్తట్లేదా? ఎవరికోసం నా నడుం పడిపోతోంది? మీ నాన్ననడుగు! మీ నాయనమ్మనడుగు!"

వాళ్లిద్దరూ గబగబా ముద్దలు మింగసాగారు. అన్నీ తనొక్కతే చూసుకోవాలని గొణుక్కుని, కళ్లు తుడుచుకుని, అలవాటుగా గోడ వైపు చూసింది. ఏడూ ఇరవై. గొడవ మొదలైనప్పుడూ అదే.

"ఇదిగో, ఇదీ ఆగిపోయింది. ఏమండీ, టైమెంతో చూడండి."

భర్త నీళ్లశాఖలో పంపు ఆపరేటరు. సొరుగులోంచి ఫోన్ తీసి చూసి, గబుక్కున మళ్లీ పెట్టేశాడు.

"ఎంతండీ?"

"ఆరూ... యాభై."

"ఆ ఫోన్ పాడైనట్టుంది. ఏడున్నర కావస్తుంటే!"

ఆయన నీళ్లు నమిలాడు. "అంటే... రోజూ నీ తిట్లు పడలేక, నేనో పది నిమిషాలు ముందుకు తిప్పాను. పోయినేడు."

మూలనున్న అత్తగారు గొంతు సవరించుకుంది. "నేనూ తిప్పానే అమ్మాయ్, పది. పిల్లకి ఆలస్యమైతే నువ్వు దాని మీద పడతావని."

పిట్ట తల దించుకుంది. "నేను కూడా పదే. ఆర్నెల్ల కింద."

టైలరమ్మ వేళ్లు మడిచింది. తన ఐదుతో అందరి లెక్కా కలిపితే ముప్పై ఐదు నిమిషాలు! తను రోజూ ఐదింటికనుకుని లేస్తున్నది నాలుగూ ఇరవై ఐదుకన్నమాట.

"అయితే మీరంతా అరగంట ముందే వెళ్లి అక్కడేం చేస్తున్నారు?"

"పంపు హౌస్ వెనక బెంచీ ఉంది," అన్నాడు భర్త. "టీ తాగుతూ కూర్చుంటాను. హాయిగా ఉంటుంది."

"కాలేజీ గేటు అప్పటికింకా తీయరు. వాచ్‌మన్ తాత కుర్చీ వేస్తాడు," అంది పిట్ట. "ఆయనతో కబుర్లు చెబుతూ టిఫిన్ తింటాను."

బెంచీ మీద ఒకరు, గేటు బయట ఒకరు. వాళ్లకు తీరికుంది. ఆ తీరికలో తన ఇల్లు లేదు. టైలరమ్మ ఊగే బల్ల వైపు చూసింది.

"ఇక్కడే కూర్చోవచ్చుగా. నా దగ్గర."

"కూర్చుంటే లేపేస్తావుగా అమ్మా," అంది పిట్ట మెల్లగా.

ఆ మాటలో కోపం లేదు. అందుకే తట్టుకోలేకపోయింది. తన మీద మూసిన గేటు పిల్ల మీద పడకూడదనుకుంది. చివరికి పిల్ల గేటు బయటే కూర్చుని తింటోంది. టైలరమ్మ మిషన్ స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుంది. బల్ల మీది కాలర్లన్నీ ఎత్తి మంచం మీద పడేసింది. నాలుగు కంచాలు పెట్టింది.

"అందరికీ ఇంకా నలభై నిమిషాలుంది. కూర్చోండి."

"నిజంగానా?" అన్నాడు భర్త.

"మళ్లీ అడిగితే లేపేస్తాను!"

అత్తగారు పకపకా నవ్వింది. కూర్చున్నారు. వాచ్‌మన్ తాత కబుర్లు పిట్ట చెబుతుంటే టైలరమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆర్నెల్లుగా ఆ తాత వింటున్న గొంతు ఇది. వేడి టీ వేడిగా ఉన్నప్పుడే తాగింది.

భర్త గడియారంలో కొత్త బ్యాటరీ వేసి, "ఎంతకి పెట్టను?" అన్నాడు.

"ఎంతయితే అంతకే."

అత్తగారు మోచెయ్యి ఆనించగానే బల్ల ఊగి టీ ఒలికింది. పిట్ట సంచీలోంచి ఓ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, వంగి పొట్టి కాలి కింద దోపింది. బల్లని అటూ ఇటూ కదిపి చూసింది. కదల్లేదు.

ఆ కాగితమేదో టైలరమ్మ అడగలేదు. పైనున్న అక్షరాలు అప్పటికే చదివేసింది. హాస్టల్ ఫారం.

"ఇంకో కప్పు పొయ్యనా?" అంది.

"పొయ్యమ్మా. టైముందిగా."