తిరగేసిన మూడు

శాంతవ్వ స్టవ్ మీద చాయ్ నీళ్లు పెట్టేసరికి ముందుగదిలోంచి దేవదాసు గొంతు వినిపించింది.

"లే బిడ్డా. ఎండ పొడిస్తే వాగుల ఉరుకుడు కష్టమైతది."

మంచం కిర్రుమంది. కొడుకు జీవరత్నం లేచి కూర్చుని, కుడికాలిని రెండు చేతులతో పట్టి కిందికి దించుకోవడం ఆమె వంటగది గుమ్మంలోంచి చూసింది. తన కాలు కానట్టు, ఎవరిదో సామాను దించినట్టు దించాడు. మోకాలు వాచి నున్నగా మెరుస్తోంది.

"ఇయ్యాల వద్దు," అంది శాంతవ్వ. "ఆ మోకాలు జూడు, సొరకాయ లెక్కైంది."

"నడిస్తెనే వాపు దిగుతది."

"డాక్టరు ఏమన్నడు? నెలన్నర దాంక పిండికట్టు విప్పొద్దన్నడా, లేదా? ముందుగాల కదిలిస్తే బతుకంత కుంటుతడన్నడా, లేదా? నువ్వేమో సైట్ నుంచి రంపపు బ్లేడు తెచ్చి కోస్తివి."

"డాక్టరు మనిషే, దేవుడు గాదు."

"అయితే దేవుడు కోయమన్నడా నిన్ను?"

దేవదాసు చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగాడు. కోపం తెచ్చుకోలేదు. జాలిగా చూశాడు. శాంతవ్వకు ఆ చూపే ఎక్కువ మండింది.

"నీకు విశ్వాసం లేకపాయె శాంతా. సినిమా నువ్వు గూడ జూస్తివి గదా! ఆ పోరడు కాలు ఇరిగి పండుకున్నోడు లేచి ఉరికిండా, లేదా?"

"కొట్లాడకున్రి," అన్నాడు రత్నం నవ్వుతూ. "కొంచెం దూరమే అవ్వా. గిట్ల పోయి గట్లొస్త."

ఇద్దరూ వెళ్లారు. ఒమాన్‌లోని వాడీ కబీర్ అనే చోట వాళ్లుండే రెండు గదుల వెనకే ఎండిన వాగు. దేవదాసు వెనక్కి నడుస్తూ, చప్పట్లు కొడుతూ, "రా బిడ్డా, ఇంకొక్కపారి!" అంటున్నాడు. రత్నం రెండడుగులు ఉరికి మూడో అడుగు ఈడుస్తున్నాడు. స్టవ్ మీద చాయ్ పొంగిపోయినా శాంతవ్వకు తెలియలేదు.

వాళ్లు మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి ఒమాన్ వచ్చి ఏడాది తిరిగింది. దేవదాసు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కరెంటు పని చేస్తాడు. శాంతవ్వ ఆ కంపెనీ ఇంజినీరు ఇంట్లో వంట చేస్తుంది. రత్నం పదో తరగతి దాకా చదివినా, సైట్‌లో పైపులు మోసే పనే దొరికింది. కానీ శుక్రవారం వచ్చిందంటే అతను వేరే మనిషి. గులకరాళ్ల మైదానంలో బంతి అతని కాలికి అంటుకున్నట్టే ఉండేది. నవంబరులో జాతీయ దినోత్సవానికి కంపెనీల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారు. అందులో ఆడి గెలిపిస్తే రత్నానికి స్టోరులో పని ఇస్తానని మేనేజరు మాటిచ్చాడు. స్టోరంటే నీడ, ఫ్యాను, కూర్చోవడానికి కుర్చీ. దేవదాసు ఆ కుర్చీని కలలో కూడా చూసేవాడు. "ఎండల మోసుడు నాతోనే ఆగాలె," అనేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒక మ్యాచ్‌లో రత్నం మోకాలు విరిగింది. పిండికట్టు వేసి పంపారు. దేవదాసు ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఇంట్లో మాట్లాడటం మానేశాడు. ప్రార్థనకు కూర్చున్నా పెదవులు కదిలేవి కావు.

అప్పుడే కంపెనీ పనివాళ్ల క్యాంపులో ఆ సినిమా వేశారు.

శుక్రవారం సాయంత్రాలు గోడకు తెల్లదుప్పటి కట్టి సినిమా ఆడించే పని దేవదాసుదే. ఆ వారం ఇబ్రాలో ఉన్న కంపెనీ క్యాంపు నుంచి అమెరికా సినిమా ఒకటి వచ్చింది. కాలేజీ పిల్లల ఫుట్‌బాల్ కథ అన్నారు. కాలికి పిండికట్టుతో రత్నం సిమెంటు సంచి మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కనే శాంతవ్వ. బొమ్మ పడగానే కంపెనీ పికప్ డ్రైవరు భీమన్న గట్టిగా అరిచాడు.

"ఇదేం ఫుట్‌బాల్ రా! చేతుల వట్టుకొని ఉరుకుతున్రు! బంతి గూడ కోడిగుడ్డు లెక్కున్నది!"

"నెత్తికి గిన్నెలెందుకు పెట్టుకున్రు?" అన్నారు ఇంకొకరు.

"పడితే పలుగకుండ!"

మాటలు ఎవరికీ అర్థం కాలేదు, కథ మాత్రం అర్థమైంది. ఓడిపోతూ వచ్చిన జట్టు. అందులో ఒక కుర్రాడు. అతని కాలు విరిగింది. ఆస్పత్రి మంచం చుట్టూ జట్టంతా మోకరించి ప్రార్థన చేసింది. తర్వాత అతను చంకకర్ర పట్టుకుని మైదానం గీత బయట కూర్చున్నాడు. తెర మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. "ఇంటర్వెల్!" అని కేకేసి దేవదాసు ఆఖరి రీలు ఎక్కించాడు. అందులో ఆ కుర్రాడు గుర్రంలా ఉరికాడు. అందరినీ తప్పించుకుని గెలిచాడు. జట్టు అతన్ని భుజాల మీద మోసింది. క్యాంపంతా ఈలలు వేసింది.

దేవదాసు ప్రొజెక్టరు పక్కనే నిలబడి ఏడ్చాడు. ఇంటికొచ్చి కొడుకు తల మీద చెయ్యి వేసి, ఎన్నాళ్లకో గొంతెత్తి ప్రార్థన చేశాడు. నవ్వాడు. ఆ మరుసటి వారమే పిండికట్టు కోసేశాడు.

వాగులో పరుగులు మొదలైన కొన్నాళ్లకు, ఒక బుధవారం దేవదాసు వైరింగు పని మీద నిజ్వాలో ఉన్న క్యాంపుకు పోవాల్సి వచ్చింది. పోతూ కొడుక్కి చెప్పాడు. "నేను లేనని ఆపకు బిడ్డా. ఆపితే ఇన్నొద్దుల కష్టం నీళ్లపాలైతది."

గురువారం పొద్దున రత్నం ఎవరూ లేపకుండానే లేచాడు. శాంతవ్వ దారికి అడ్డం నిలబడింది.

"మీ బాపు లేడు గదరా. ఎవ్వలు జూస్తరు? పండుకో."

"వచ్చినంక అడుగుతడు అవ్వా. నాకు అబద్ధం చెప్పరాదు."

ఆమె పక్కకు జరిగింది. ఆ జరగడాన్ని తర్వాత ఎన్నిసార్లు తలచుకుందో. కాసేపటికి వాగులోంచి కేక వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి రత్నం రాళ్ల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. కాలు పక్కకు తిరిగిపోయింది. భీమన్న పికప్ తెచ్చి ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, పిండికట్టు ఎవరు విప్పారని అడిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం దేవదాసు కంపెనీ లారీలో నిజ్వా నుంచి వచ్చాడు. గడపలోనే ఆగిపోయాడు. రత్నం మంచం మీద ఉన్నాడు. తొడ నుంచి మడమ దాకా కొత్త పిండికట్టు.

"జూసినవా?" అంది శాంతవ్వ. ఇంతసేపూ అదిమిపెట్టుకున్నదంతా గొంతులోకి వచ్చింది. "మంచిగ జూడు. ఆ మోకాలు ఇగ వంగదట. బతుకంత కర్ర వట్టుకునుడే అట. స్టోరు లేదు, ఆట లేదు. డాక్టరు అడిగితె నీ పేరు చెప్పలే. సిగ్గైంది నాకు. దేవుని పేరు చెప్పి కన్నకొడుకు కాలు కోసుకున్నవ్. ఇంక ఉరికిస్తవా? ఆ సినిమా పోరడు లేచి ఉరికిండు గదా, పో, ఆ పోరన్ని తెచ్చుకో కొడుకుగ!"

దేవదాసు గడప మీదే కూలబడ్డాడు.

"ఉరకలేదు," అన్నాడు.

"ఏంది?"

"ఆ పోరడు ఉరకలేదు శాంతా. నిన్న నిజ్వాల మళ్ల అదే సినిమా ఏసిన్రు. అక్కడ ఆపరేటరు మజహర్, హైదరబాదాయన. ఆయన ఏస్తే కథ వేరే తీరుగున్నది. పోరడు ముందుగాల గెలిచిండు. భుజాల మీద మోసిన్రు. ఆ తర్వాత కాలు ఇరిగింది. చంకకర్ర వట్టుకొని బయట కూసున్నడు. అంతే. అయిపోయింది. నేను పోయి రీళ్లు తప్పు పెట్టినవని మజహర్‌తోని పంచాతి పెట్టుకున్న."

అతను వేలితో గడప దుమ్ములో ఒక అంకె గీశాడు.

"ఆ సినిమా రీళ్ల డబ్బాల మీద అరబ్బీ అంకెలున్నయి. ఇది మూడు అనుకున్న, తిరగేసి రాసిన్రనుకున్న. ఆయన నవ్విండు. 'అరే దేవ్‌దాస్, వో తీన్ నై మియా, చార్ హై' అన్నడు. అరబ్బీ నాలుగట గిది. నేను నాలుగో రీలు ముందు పెట్టి, మూడో రీలు ఆఖరుకు పెట్టిన."

శాంతవ్వ ఆ దుమ్ములోని గీతను చూసింది. ఇంత చిన్న గీత.

"నాకు ఎరుకే బాపూ," అన్నాడు రత్నం మంచం మీద నుంచి.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"ఏం ఎరుక?"

"నువ్వు ఇంటర్వెల్ అన్నవు గదా. అప్పుడు పడ్డ అక్షరాలు ది ఎండ్ అని. సినిమా అయిపోయిందని."

శాంతవ్వ అతని మంచం అంచు పట్టుకుంది. "ఎరుకైతె ఎందుకు చెప్పలేదురా? ఇన్ని పొద్దులు ఎందుకు ఉరికినవ్‌రా?"

రత్నం పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ పొద్దు బాపు నవ్విండు గదా. నా కాలిరిగిన కాడికెల్లి మొకమే లేదాయె. ఒక్క వారం నవ్వనియ్యని అనుకున్న." "తర్వాత నాకే ఆశ వుట్టింది అవ్వా. అమెరికోళ్లు ఇంటర్వెల్‌కు గూడ గట్లనే రాస్తరేమో అనుకున్న. నేను చదివింది తప్పు కావాలె ప్రభువా అని రోజు ప్రార్థన చేసిన."

బయట భీమన్న ఎవరితోనో నవ్వుతూ పోతున్నాడు. దేవదాసు అరచేత్తో దుమ్ములోని అంకెను తుడిచేశాడు. ఆ చేతిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భర్త ఏడవడం శాంతవ్వ ఒకసారి చూసింది, ప్రొజెక్టరు పక్కన. ఇది ఆ ఏడుపు కాదు.

ఆమె కోపం పోలేదు. కానీ లేచి అన్నం వడ్డించింది. కొడుకు మంచం పక్కనే నేల మీద మూడు కంచాలు పెట్టింది. తినేముందు స్తోత్రం చెప్పడం ఆ ఇంట్లో దేవదాసు పని. అతను తల వంచుకుని కూర్చున్నాడు. అన్నం చల్లారుతోంది.

రత్నం కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ అన్నం కోసం స్తోత్రం. బాపు అంత దూరం పోయి మంచిగ ఇంటికొచ్చిండు, దానికి స్తోత్రం. ఆమేన్."

"ఆమేన్," అంది శాంతవ్వ. కాస్త ఆగి దేవదాసు కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

తెల్లవారి శాంతవ్వ మామూలుగానే స్టవ్ వెలిగించింది. ముందుగదిలో అడుగుల చప్పుడైంది. అలవాటు ప్రకారం దేవదాసుకు మెలకువ వచ్చినట్టుంది. వెళ్లి కొడుకు మంచం పక్కన నిలబడ్డాడు. లేపలేదు. అయినా ఆ అలికిడికి రత్నం నిద్రలోనే కదిలాడు.

"వస్తున్న బాపూ," అని గొణుగుతూ, కళ్లు తెరవకుండానే బరువైన కాలి కోసం రెండు చేతులూ చాపాడు.

దేవదాసు ఒంగి ఆ చేతులు పట్టుకున్నాడు. మెల్లగా దుప్పటి మీద పెట్టాడు.

"పండుకో బిడ్డా," అన్నాడు. "పండుకో. ఇయ్యాల ఆట లేదు."

వంటగదిలో శాంతవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన ఏడుపు వాడు వినకూడదని.