అటో రేడియో మచ్చ, ఇటో రేడియో మచ్చ

మంజుషకి కోపం వస్తే రాజమండ్రి కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఎవరూ కుర్చీ కూడా జరపరు. ఆ రోజు వచ్చింది. తెప్పించినవాడు తోటి పరిశోధకుడు ఉదయ్‌కుమార్.

ఆకాశాన్నంతా జల్లెడ పట్టిన ఎక్స్‌రే సర్వేలో దొరికిన గెలాక్సీల్లో, వేటి నుంచి రేడియో తరంగాలు కూడా వస్తున్నాయో తేల్చడం వాళ్ల పని. ఎక్స్‌రే సర్వే బొమ్మనీ, రేడియో సర్వే బొమ్మనీ ఒకదానిమీద ఒకటి పెట్టి, ఇద్దరు విడివిడిగా చూడాలి. ఇద్దరూ ఔనంటేనే ఆ గెలాక్సీ పేపర్లోకి ఎక్కుతుంది. గైడు విజయ్ పాల్ గారి పద్ధతి అది.

మంజుష ప్రాణమంతా ఒక్క గెలాక్సీ మీదే ఉంది. నడుమ ఎక్స్‌రే వెలుగు, దానికి అటూ ఇటూ చెరో రేడియో మచ్చ. నడుమనున్న బ్లాక్‌హోల్ చిమ్మిన ధారలే ఆ మచ్చలని ఆమె వాదన. పీహెచ్‌డీ ఆఖరి చాప్టరంతా దాని మీదే కట్టుకుంది. ఉదయ్ చూసి, ఆ మచ్చలకీ ఈ గెలాక్సీకీ సంబంధం లేదని కొట్టిపారేశాడు.

వరండాలోకి పిలిచి నిలదీసింది. బయట వాన దంచుతోంది. భీమవరం రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగిన పిల్ల, ఎవరికీ తగ్గే రకం కాదు.

"అచ్చం ఇలాంటిదే మన ల్యాబ్‌లోనే లోవలక్ష్మి పెడితే ఔనన్నారు. నాది మాత్రం ఎందుకు కాదండీ?"

ఉప్పాడ తీరంలో వేటకెళ్లే ఇంటి కుర్రాడు, నడిసముద్రానికి జంకనివాడు, ఆ ప్రశ్నకి జంకాడు.

"మీది కాబట్టేనండి. మీరు ఏం చెప్పినా నాకు ఔననే అనిపిస్తుంది. మీరంటే ఇష్టం. అందుకే నన్ను నేను నమ్మలేక కాదన్నాను."

మంజుష నిర్ఘాంతపోయింది. ప్రేమించినవాళ్లు పూలిస్తారని విన్నది గానీ, చాప్టరు ముంచుతారని వినలేదు. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఈ మాట సార్‌కి చెప్పగలరా అని అడిగింది.

ఉదయ్ తిన్నగా వెళ్లి చెప్పేశాడు. ఆ గెలాక్సీని తాను చూడకూడదన్నాడు, కారణం కూడా దాచలేదు. విజయ్ పాల్ గారు ఇద్దర్నీ బయట నిలబెట్టి, ఆ బొమ్మల్ని ఎన్నడూ చూడని లోవలక్ష్మిని పిలిచారు.

తలుపు మూసుకుంది. ఫలితం వచ్చాక ఏం చెప్పినా, గెలిచిన సంబరంలోనో ఓడిన దిగులులోనో అన్నట్టే ఉంటుందని మంజుషకి తోచింది.

"ఉదయ్ గారూ, అది తేలకముందే చెప్తున్నాను. నాకూ మీరంటే ఇష్టమేనండి. లోపల కాదన్నా సరే, ఈ మాట మారదు."

ఉదయ్ వరండాలోకి కొడుతున్న జల్లుకి తడుస్తున్న సంగతి కూడా మరిచిపోయాడు.

తలుపు తెరుచుకుంది. అవి ఆ గెలాక్సీ మచ్చలేనని లోవలక్ష్మి తేల్చేసింది. మంజుష అందరి ముందే ఉదయ్ చెయ్యి పట్టేసుకుంది.

విజయ్ పాల్ గారు ఆ చేతుల వంక చూసి, "ఇంకో మనిషిని వెతుక్కోవాలమ్మా," అన్నారు. "ఇకమీద మీ ఇద్దరి మాటా నాకు ఒక్కరి లెక్కే."