భానుమతి వదిన పేరు కొట్టేసిన రోజు

"నారు తీసే చిలకమ్మా, నీటి గట్టున నిలవమ్మా..."

ఆ తర్వాత ఏముందో గుర్తు రాలేదు. చిన్నప్పుడు పొలంలో పాడుకున్న పాట. ఆ ఒక్క ముక్కే తిప్పి తిప్పి పాడుతూ నడుస్తుంటే నా మనవరాలు సహస్ర మూతి ముడిచింది.

"అమ్మమ్మకి పాటలన్నీ మొత్తం వచ్చు."

అమ్మమ్మంటే మా కోడలి తల్లి, భానుమతి వదిన. సహస్ర పుట్టినప్పటి నుంచి ఏటా వేసవిలో వచ్చి మూడు నెలలు ఉండేది. కన్నుమూసి ఏడాదైంది. అయినా ఆరేళ్ళ పిల్ల నోట ఆవిడ మాటే. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళుగా ఉండేది. బతికున్నావిడైతే పోట్లాడొచ్చు. పోయినావిడతో ఏం పోట్లాడను?

జర్మనీలో మా అబ్బాయి శ్రీహర్ష ఉండే ఊరు డెగ్గెన్‌డార్ఫ్ పక్క కొండ అడవిలో క్రైస్తవ యాత్రికులు నడిచే దారి ఒకటి ఉంది. దారి గుర్తుగా చెట్లకి గవ్వ బొమ్మలు కొట్టి ఉంటాయి. వాటిని చూసుకుంటూ పొద్దుటి నుంచి నడిచాం. మన తిరుపతి మెట్ల దారిలాంటిదే గానీ, గోవిందా అనేవాళ్ళు లేరు.

నాలుగింటికి శ్రీహర్ష కారు తేవడానికి ముందు దిగాడు. "గవ్వ గుర్తు చూసుకుంటూ నిదానంగా రండమ్మా. దారి తప్పితే ఇక్కడ అడగడానికి ఆవు కూడా దొరకదు," అన్నాడు.

దారి పక్కన చిన్న గుడి, మనింట్లో దేవుడి గదంత. లోపల మైనం వాసన, తడి చెక్క వాసన. బల్ల మీద ఒక పుస్తకం. వచ్చినవాళ్ళు అందులో పేరు రాసి పోతారట. సహస్ర గబగబా పేజీలు తిప్పింది.

"ఇదిగో, అమ్మమ్మ."

భానుమతి, సహస్ర. రెండేళ్ళ కిందటి రాత. గుండ్రటి, చక్కటి అక్షరాలు. నేను అరవై దాటాక దిద్దుకున్నదాన్ని. నా రాత కుంటుతుంది. పిల్ల కొవ్వొత్తులు చూస్తుండగా ఆ పేరు అడ్డంగా కొట్టేశాను. పక్కన నా పేరు రాశాను. శారదాదేవి.

పుస్తకం మూయబోతే, నా పేరు కింద సిరా తడిగా మెరిసింది. కూడబలుక్కుని చదివాను.

భా... ను... మ... తి.

లోపల మేమిద్దరమే.

పిల్ల చెయ్యి పట్టుకుని బయటపడ్డాను. మంచు దిగింది. తడి ఆకుల మధ్య మెంతుల నూనె వాసన... వదిన తలకి రాసుకునే నూనె. వెనక్కి చూడలేదు. ఆకుల మీద అడుగుల చప్పుడు... ఇద్దరిది కాదు.

సహస్ర కుడిచెయ్యి నా చేతిలో ఉంది. ఎడమచెయ్యి పైకి లేచి ఉంది... గాల్లో. వేళ్ళు దేన్నో పట్టుకుని ముడుచుకున్నాయి.

"ఎవరే?" నా గొంతు నాకే వినబడలేదు.

"అమ్మమ్మ," గుసగుసగా అంది. "నిన్నే చూస్తోంది."

లాగాను.

అవతల నుంచీ లాగారు.

"నైన్, వద్దు నానమ్మా... నొప్పి."

వదలాల్సింది. వదల్లేదు. అంత భయంలోనూ, పిల్ల నాదే అనిపించుకోవాలని...

ఉన్నట్టుండి పిల్ల తేలిగ్గా వచ్చి నా మీద పడింది. కింద రోడ్డు మీద శ్రీహర్ష కారు లైట్లు కనిపించాయి.

ఆ రోజు తర్వాత ఆ పిల్ల అమ్మమ్మ ఊసే ఎత్తలేదు. ఆవిడ గురించి నాతో అన్న ఆఖరి మాట అక్కడ, ఆ చెట్ల కింద, నా చీర దులుపుతూ అన్నదే.

"నాకు నొప్పని అమ్మమ్మ వదిలేసింది నానమ్మా. ఇక నీ చెయ్యి పట్టుకుంటుందట."