ఓపాలి ఇటు రండి

మా స్టీలు ప్లాంటు ఊళ్ళో, సోనారి పేటలో ఏరోడ్రోమ్ గోడ పక్కనుంచి పోయే సందు ఒకటుంది. ఆ సందు చివరింటి ముందు రాత్రిపూట ఎవరూ ఆగరు. స్కూటర్ ఆగిపోయినా తోసుకుంటూ పోతారు గానీ, అక్కడ నిలబడి కిక్కు కొట్టరు.

ఎందుకంటే ఆ ఇంట్లో ఆడమనిషి లేదు... ఆడగొంతు ఉంది.

రాత్రి పదింటికి బీ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు చాలామందే విన్నారట. కిటికీలు మూసే ఉంటాయి. లోపల్నుంచి సన్నగా, గోడ అవతల్నుంచి పిలిచినట్టు — "ఏటండీ... ఓపాలి ఇటు రండి..."

కాసేపాగి, మళ్ళీ అదే పిలుపు.

ఇల్లు గోవిందరావు గారిది. ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. భార్య సూరమ్మ గారు పోయి ఏడాది దాటింది. పక్కింటి చిలకమ్మ పిన్ని అయితే అటువైపు కిటికీకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టేసింది. నేను బీఎస్సీ చదివినవాణ్ణి, ఇలాంటివి నమ్మకూడదు. అయినా సైకిల్ మీద ఆ సందు దగ్గరికొచ్చేసరికి చుట్టూ తిరిగే పోతాను.

మా సూర్యం బావ మాత్రం నవ్వేవాడు. సాక్చీ బజారులో టీవీలు, వీసీఆర్లు బాగుచేసే షాపు ఆయనది. ఆ రాత్రి ఆయన సందులోకి తిరుగుతుంటే పాన్ దుకాణం అతను అటు వెళ్ళొద్దని ఆపాడట. "ఉధర్ మత్ జాయియే, సూర్యం భాయ్." బావ పాన్ కట్టించుకుని, వచ్చాక డబ్బులిస్తానని వెళ్ళిపోయాడు. వచ్చాక... అంటే వస్తానన్న ధీమా.

బావని రమ్మని కబురుపెట్టింది గోవిందరావు గారే. వీసీఆర్ పాతది, ఎవరో వాడేసిందే కలకత్తాలో కొన్నారు. ఏది రికార్డు చేసినా బొమ్మ మీద గీతలు, మాటేమో కుండలోంచి వచ్చినట్టు. చూసిపెట్టమన్నారు.

వెళ్ళి కూర్చున్నాక గానీ అసలు సంగతి చెప్పలేదట. కూతురి నిశ్చితార్థం టేపు ఒకటుంది. అందులో సూరమ్మ గారు కనపడరు, వంటింట్లోనే ఉండిపోయారు. గొంతు మాత్రం పడింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ టేపు మీదే ఈయన పొరపాటున క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసేశారు.

"పూర్తిగా పోలేదు బాబూ. మ్యాచ్ కింద ఇనిపిత్తాది. రోజూ రాత్రి పెట్టుకుంటాను. పెట్టేకొద్దీ అరిగిపోతంది..." దేవుడి గూటివైపు చూశారు. "పైనున్న గోల తీసేసి, దాన్నొక్కదాన్నీ ఉంచగలవా?"

సందులో వాళ్ళకి వినపడే దెయ్యం ఏటో బావకి అప్పుడర్థమైంది. నవ్వు మాత్రం రాలేదట. రికార్డు చేసేటప్పుడు పాతదాన్ని చెరిపే హెడ్డు ఒకటుంటుంది. అది చచ్చిపోతే కొత్త మాట మురికిగా పడుతుంది, పాత మాట కింద అలాగే ఉండిపోతుంది. మిషన్ చెడిపోబట్టే ఆవిడ గొంతు మిగిలింది. పైది తియ్యడం మాత్రం ఎవరివల్లా కాదు.

ఆ మాట మొహం మీద చెప్పలేకపోయాడు. "ముందు మిషన్ చూత్తాను మావయ్యా. మీ టేపు పెట్టకండి, నలిపేత్తే అంతే సంగతులు. కొత్తదుంటే ఇవ్వండి," అన్నాడు.

కొత్త టేపు ముందే కొనుంచారు పెద్దాయన. పైన గాజుకాగితం బావే చింపాడు.

ఆయన టీకి పాలు పొయ్యి మీద పెట్టి, మళ్ళీ వచ్చి మిషన్ పక్కనే కూర్చున్నారు, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నట్టు. బావ హెడ్లు స్పిరిట్‌తో తుడిచాడు. టీవీలో ఇంగ్లీషు వార్తలొస్తుంటే కాస్త రికార్డు చేశాడు. వెనక్కి తిప్పాడు... ప్లే నొక్కాడు.

బొమ్మ ఫరవాలేదు. గీతలు తగ్గాయి. వార్తల గొంతు ఇంకా కుండలోనే ఉంది.

దాని కింద — ఇంకో గొంతు.

"ఏటండీ..."

బావకి మొదట వచ్చింది దెయ్యం భయం కాదట. టేపులు మారిపోయాయి... ఆవిడ టేపు మీదే రికార్డు చేసేశాను... మిగిలిన ఆ కాస్త గొంతునీ నా చేత్తో తుడిచేశాను — అదీ భయం.

"...పాలు సూడండి... పొంగిపోతన్నాయి..."

స్టాప్ నొక్కేశాడు. "మావయ్యా... పొరపాటైపోయింది. మీ టేపు మీద..."

పెద్దాయన లేచి దేవుడి గూట్లో చెయ్యి పెట్టారు. పసుపుగుడ్డలో చుట్టిన టేపు తీసి బావ ఒళ్ళో పెట్టారు.

"ఇయ్యాల ఇది గూట్లోంచి కదల్లేదు బాబూ." గొంతు బాగా తగ్గించారు. "ఆ పాల మాట... ఇందులో లేదు."

బావ కిందికి చూశాడు. తను చింపిన గాజుకాగితం కాలి దగ్గరే ఉంది. కొత్త టేపు. చెరిగిపోకుండా మిగలడానికి అందులో పాత మాటే లేదు. గదిలో మాట పట్టడానికి ఆ మిషన్‌కి మైకూ లేదు.

అప్పుడు... వంటింట్లోంచి చుయ్‌మని చప్పుడు. మాడు వాసన.

బావే పరిగెత్తాడు. పాలు గిన్నె దాటి స్టవ్వంతా పారుతున్నాయి. గ్యాస్ కట్టేశాడు. ఇల్లంతా నిశ్శబ్దం. వీసీఆర్ ఆపేసే ఉంది, ఆపింది తనే.

ముందు గదిలోంచి గోవిందరావు గారి మాట వినపడింది. బావతో కాదు. మెల్లగా, సంతోషంగా, ఎవరికో జవాబు చెప్తున్నట్టు —

"వత్తన్నానే... ఉండు."